వేసవి దాటవలసిన బియ్యం

వానాకాలపు కోతలు ముగిసి, కొత్త బియ్యం బస్తాలు వరంగల్ అంగళ్లకు చేరే డిసెంబరు, జనవరి నెలల్లో, ఏడాదికి సరిపడా బియ్యం ఒకేసారి కొనిపెట్టుకునే ఆ నగరపు మట్టెవాడ పేట కుటుంబాలు తేల్చుకోవలసింది ఆ బియ్యం నేడు ఎలా ఉడుకుతుందన్న దానికంటే, వచ్చే వానాకాలానికి ఎలా ఉడుకుతుందన్నదే. కొత్త బియ్యపు అన్నం ముద్ద కట్టడం సహజం. ఆ జిగట కాలంతో పోయేదా, గింజలోనే ఉన్న లోపమా అని వేరుచేసి చెప్పగలగడంలోనే ఈ విద్య అంతా ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో శరత్కాలపు ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌ను మరుసటి వసంతంలో, అది ఇంకా ఓక్ పీపాల్లో ఉండగానే రుచి చూసే నిపుణులు ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇదే. ద్రాక్ష తొక్క, విత్తనాల నుంచి వచ్చే టానిన్ అనే వగరు పదార్థం లేత వైన్‌లో నాలుకను పట్టేసినా, దానికి తగిన పులుపు, పండు చిక్కదనం తోడై ఉంటే, ఏళ్ల తరబడి నిలిచే బలం ఆ వైన్‌కు ఉందని వారు లెక్కగడతారు.

నిల్వలో బియ్యపు పిండిపదార్థం మొత్తం పెద్దగా మారదు గాని, గింజలోని ప్రోటీన్ల మధ్య గంధక బంధాలు పెరుగుతాయి, కొవ్వులు విడిపోయి ఏర్పడిన ఆమ్లాలు అమైలోజ్ అనే పిండి అంశంతో జతకడతాయి, కణాల గోడలు గట్టిపడతాయి. ఆ తరువాత ఉడికించినప్పుడు గింజలోని పదార్థం గంజిలోకి తక్కువగా జారుతుంది కనుక మెతుకు చిట్లకుండా ఎక్కువ నీరు పీల్చి పొంగుతుంది. పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పోయడానికి కారణం అదే. ఈ మార్పులో అధిక భాగం మొదటి మూడు నాలుగు నెలల్లోనే జరుగుతుంది, 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని చోట అది చాలా మందగిస్తుంది. 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండాకాలాన్ని ఎవరూ మెచ్చుకోరు, కాని బియ్యాన్ని పాతపరచే పని మాత్రం ఆ వేడే చేస్తుంది.

అయితే ఆ వేడి చెడ్డ గింజను బాగుచేయదు, కనుక పరీక్ష తేమతో మొదలవుతుంది. పంటి కింద పెట్టి కొరికిన గింజ టక్కున విరిగితే ఆరినట్టు, నలిగి చదునైతే తేమ మిగిలినట్టు. నిల్వకు తేమ 14 శాతానికి మించరాదని శాస్త్రం చెప్పే హద్దును పళ్లు ఇలా ఉజ్జాయింపుగా కనిపెడతాయి. వెలుతురుకు పట్టి చూసినప్పుడు గింజ నడుమ సుద్దలా కనిపించే తెల్లపొట్ట ఎక్కువగా ఉంటే, అక్కడ పిండి వదులుగా పేరుకుందని, గింజ నూక అయ్యే ప్రమాదం ఎక్కువని అర్థం. చివరిది, అన్నిటికంటే నమ్మదగినది, పిడికెడు బియ్యాన్ని వండి చూడడం. మెతుకును రెండు వేళ్ల మధ్య నొక్కినప్పుడు పైపొర అంటుకున్నా లోపల బిగువు ఉంటే ఆ జిగట లేతదనం మాత్రమే, ఆ బియ్యం వేసవి దాటితే పొడిపొడిగా విచ్చుకుంటుంది. మెతుకు మొత్తం పిండిలా నలిగిపోతే ఏ నిల్వా దాన్ని నిలబెట్టలేదు. వండిన అన్నాన్ని సాయంత్రం దాకా ఉంచి మళ్లీ తినిచూడడం ఇంకా మేలు, ఎందుకంటే అమైలోజ్ 25 శాతానికి మించిన రకాలు చల్లారితే గట్టిపడతాయి, 20 నుంచి 25 శాతం మధ్య ఉన్నవి విడివిడిగా ఉంటూనే మెత్తదనం నిలుపుకుంటాయి.

1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఈ మధ్యస్థ అమైలోజ్ శ్రేణికి చెందినది కావడమే తెలుగు ఇళ్లలో దానికి ఇంత ఆదరణ దొరకడానికి ఒక ప్రధాన కారణం. వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరంగల్ సన్నాలు వంటి రకాలకూ ఈ పరీక్షలే వర్తిస్తాయి. యాసంగి వడ్లు ఎండల్లో పండి గింజలో పగుళ్లు తెచ్చుకుంటాయి కాబట్టి, మర పట్టినప్పుడు నూక ఎక్కువై, పాతపరచడానికి వానాకాలపు పంటకు సాటిరావు.

వైన్ దశాబ్దాలు ఎదురుచూడగలదు, బియ్యం అలా చూడలేదు. ఎక్కువ కాలం ఉంచితే కొవ్వు చెడి ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఇంత నిల్వ భారం మోయలేకనే మిల్లులు వడ్లను కొద్దిసేపు ఆవిరి పట్టి, ఆరబెట్టి, మర పట్టి స్టీమ్ బియ్యంగా అమ్ముతున్నాయి. అది పొడిపొడిగానే ఉడుకుతుంది, పని ఒత్తిడిలో ఉన్న ఇళ్లకు అక్కరకూ వస్తుంది, కాని కాలం చేసిన మార్పును అది పైపొరలోనే అనుకరిస్తుందని, చల్లారిన అన్నంలో ఆ తేడా తెలుస్తుందని చెప్పక తప్పదు. బోర్డో సీసా మీద ద్రాక్ష కోసిన సంవత్సరం ముద్రించి ఉంటుంది. బియ్యం బస్తా మీద సాధారణంగా ప్యాకింగ్ నెల తప్ప పంటకాలం కనిపించదు. వానాకాలమా యాసంగా, ఏ సంవత్సరపు కోత, ఆవిరి పట్టినదా పచ్చిదా అన్న మూడు వివరాలను బస్తా మీద ముద్రించేలా మిల్లర్లు, వ్యాపారులు పూనుకుంటే, కొనేవారి పళ్లకూ వేళ్లకూ సగం శ్రమ తగ్గుతుంది.