నేరం లేని మైల: వృద్ధ ఈడిపస్

గ్రీకు విషాద నాటకాల్లో దోషం ఎవరిదన్న చర్చ సాధారణంగా అరిస్టాటిల్ వాడిన ‘హమార్తియా’తో మొదలవుతుంది. దాన్ని ‘శీలలోపం’గా అనువదించినందువల్ల, తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడిన ఈడిపస్ తన కోపం వల్లనే చెడ్డాడన్న సులువైన తీర్పు స్థిరపడింది. నిజానికి ఆ మాటకు ‘గురి తప్పడం’ దగ్గరి అర్థం.

సొఫొక్లీస్ మరణించాక క్రీ.పూ. 401లో ప్రదర్శితమైన ‘కొలోనస్‌లో ఈడిపస్’ ఈ తీర్పును ఒప్పుకోదు. అందులో అంధుడైన వృద్ధుడు క్రెయాన్ ఎదుట న్యాయవాదిలా వాదిస్తాడు: చంపింది ఆత్మరక్షణకు, అతడు తండ్రి అని తెలియదు, వివాహమూ తెలియక జరిగిందే. బుద్ధిపూర్వక హత్యను, అనుకోని హత్యను వేరుచేసే చట్టం ఉన్న ఏథెన్సు ప్రేక్షకులకు ఈ వాదం కొత్త కాదు.

అయితే, క్రెయాన్ చెరపట్టిన కూతుళ్ళను థీసియస్ విడిపించి తెచ్చినప్పుడు, కృతజ్ఞతతో అతని చేయి అందుకోబోయిన ఈడిపస్ చటుక్కున ఆగిపోతాడు. తనవంటివాడు అతన్ని తాకరాదంటాడు. ఇంతసేపూ తాను నిర్దోషినని వాదించినవాడే! గ్రీకులు దీన్ని ‘మియాస్మా’ అన్నారు. మన ‘మైల’ దానికి చాలా దగ్గరి మాట. అంటురోగం లాగే అది మనిషి ఉద్దేశాన్ని అడగదు. (రోగాలు పుట్టించే చెడుగాలికి తర్వాతి వైద్యులు ఈ పేరే పెట్టుకున్నారు.) ఉన్నచోటి నుంచే తన వందనం అందుకొమ్మంటాడు ఈడిపస్. మైల లేదని థీసియస్ కూడా అనడు.