శ్రీపాద కథల్లో నైపుణ్యం, గిరాకీ – ఒక పరిశీలన

రేపు ఏ రంగానికి ఎందరు పనివారు కావాలి, వారికి ఏ నైపుణ్యం ఉండాలి అనే అంచనా నేడు ప్రభుత్వాల బాధ్యతగా మారింది. 2024 జూన్ 13న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టిన చంద్రబాబు నాయుడు తొలి సంతకాలు చేసిన దస్త్రాల్లో నైపుణ్య గణన ఒకటి. ఇటువంటి లెక్కల్లో ఒకవైపు నైపుణ్యం, మరొకవైపు గిరాకీ ఉంటాయి. ఆ రెంటి నడుమ ఒక ద్వారం ఉంటుందని, దానికి కాపలాదారులుంటారని గోదావరి సీమ కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) కథలు చెబుతాయి.

‘గులాబీ అత్తరు’ కథలో షుకురల్లీఖాన్ తన పనితనాన్ని నమ్ముకొని పెద్దాపురం వస్తాడు. ఆ పరిమళాన్ని మెచ్చగల ప్రభువు కోటలోనే ఉన్నాడు. నైపుణ్యమూ ఉంది, గిరాకీ కూడా ఉంది. అయినా నడుమనున్న ఉద్యోగుల వల్ల దర్శనం దొరకదు. చివరకు అతడు అత్తరు బుడ్డిని గోడకు కొడతాడు. పరిమళం వ్యాపిస్తుంది గాని సరుకు మిగలదు. నిరుద్యోగాన్ని కేవలం నైపుణ్య లోపంగా చూసే వాదనకు ఈ ముగింపు గట్టి సమాధానం.

‘వడ్లగింజలు’ కథలోనూ శంకరప్పకు ఆటలో గెలవడం కన్నా ఆటబల్ల దగ్గరకు చేరడమే కష్టం. బహుమానంగా అతడు కోరిన గింజలు చదరంగపు 64 గళ్లలో గడిగడికీ రెట్టింపవుతాయి. మొత్తం 20 అంకెల సంఖ్య. గుణకారంలో దోషం లేదు. అంత ధాన్యమే లోకంలో లేదు. నిన్నటి పెరుగుదలను రేపటికి గుణించుకుంటూ పోయే అంచనాలకు ఇది హెచ్చరిక. భీమవరం ప్రాంతపు రొయ్యల సాగు ఇందుకు నేటి ఉదాహరణ. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే చెరువుగట్టు నుంచి శుద్ధి కర్మాగారం దాకా పని లెక్కలన్నీ సందేహంలో పడ్డాయి.

ఈ కథలకూ పరిమితి ఉంది. వాటిలో ప్రతిభకు తీర్పరి ఒక రసజ్ఞుడైన ప్రభువే. నేటి యువతకు అటువంటి ప్రభువు పరిష్కారం కాడు. అయితే గణన పత్రంలో చేరవలసిన ప్రశ్నలను ఈ కథలు సూచిస్తాయి: ఖాళీ సంగతి ఎవరికి ముందు తెలుస్తోంది? నియామకం ఎవరి ద్వారా జరుగుతోంది? శిక్షణ ముగిశాక ఎన్నాళ్లు వేచి ఉండాలి? వీటికి జవాబు లేనంతవరకు అంచనా ఎంత సూక్ష్మమైనా కోట గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.