నివురు గప్పిన గింజ

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ‘బ్యాంకి’కి పోయొస్తానంటే ఏ బ్యాంకికని అడగాలి. ఒకటి రోడ్డు మీదిది. ఇనుప షట్టరు, దారం కట్టిన పెన్ను, టోకెన్ నంబరు. పాసుబుక్కు అచ్చేసే మిషను పని చేయడం లేదని నన్ను మూడుసార్లు తిప్పి పంపింది అలాంటిదే ఒకటి. రెండోది పెండతో అలికిన గది. గోడ వారగా మట్టి పూసిన వెదురు బుట్టలు, కుండలు, వాసాలకు వేలాడే జొన్న కంకులు. ఇది విత్తనాల బ్యాంకు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటివాటిని ఊరూరా నిలబెట్టాయి. సంఘాల్లో ఎక్కువమంది ఎకరమో రెండెకరాలో ఉన్న దళిత స్త్రీలు.

ఈ పేరు నాకు చాలాకాలం రుచించలేదు. మనకు గాదె ఉంది, గుమ్మి ఉంది, పాతర ఉంది. ఇన్ని మాటలుండగా డబ్బు దుకాణం పేరు తెచ్చి గింజకు తగిలించడం దేనికనిపించేది. ఆ ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వాక కోపం తగ్గింది.

బ్యాంక్ అన్న మాటకు తల్లి ఒక్కతే, బిడ్డలే వేర్వేరు ఊళ్లలో పెరిగారు. పాత జర్మానిక్ భాషల్లో మిట్టగా ఉండేదానికి, దిబ్బకు, వాడిన మాట అది. ఉత్తరాది నుంచి ఇంగ్లీషులోకి దిగినప్పుడు ఏటి గట్టయింది. ఇటలీకి పోయి బల్లయింది. బజారులో నాణేలు మార్చే వ్యాపారి ముందేసుకుని కూర్చున్న ఆ బల్లే ఈనాటి బ్యాంకు. బల్ల విరిగితే దివాలా. ‘బ్యాంక్రప్ట్’ వెనకాల ఉన్నది విరిగిన బల్లే. విందుకు చెప్పే ‘బాంక్వెట్’ చిన్న బల్ల నుంచి వచ్చింది. బడిపిల్లలు కూర్చునే బెంచీ కూడా ఈ ఇంటి బిడ్డే. 1937లో చికాగోలోని కుక్ కౌంటీ ఆస్పత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అనే డాక్టరు నెత్తురు నిల్వచేసే చోటుకు బ్లడ్ బ్యాంక్ అని పేరు పెట్టాడు. ఇక అప్పట్నుంచి దాచేదల్లా బ్యాంకే. మనవాళ్లూ తక్కువ తినలేదు. మైసూరు పల్లె గురించి 1955లో రాసిన వ్యాసంలో ఎం.ఎన్. శ్రీనివాస్ ‘ఓటు బ్యాంకు’ అన్నాడు. ఆ మాటకు మన దేశంలో పట్టినంత దశ మరి దేనికీ పట్టలేదు.

వీటన్నిటికంటే నాకు నచ్చిన అర్థం నిఘంటువులో కింద ఎక్కడో ఉంటుంది. నిప్పును బ్యాంక్ చేయడం. రాత్రి పడుకోబోయే ముందు నిప్పు కణికల మీద బూడిద కుప్పగా కప్పి, తెల్లారేదాకా ఆరకుండా ఉంచడమన్న మాట. బూడిదను గట్టులా పోస్తారు గనక అది గట్టు వైపు చుట్టం, బల్ల వైపు చుట్టం కాదు. మన అమ్మమ్మలు రోజూ చేసిన పనే ఇది. పొద్దున లేచి పొయ్యిలో నివురు తీసి ఊదితే కణిక ఎర్రబడేది. ఆరిపోయిన ఇంటివాళ్లు పిడక ముక్క పట్టుకొచ్చి పక్కింట్లో నిప్పు అడిగేవాళ్లు. ఇచ్చినవాళ్ల పొయ్యిలో ఏమీ తగ్గేది కాదు.

విత్తనాల గదిలో జరిగేది అక్షరాలా ఇదే. అక్కడా బూడిదే కప్పుతారు.

పని కోతకు ముందే మొదలవుతుంది. కల్లంలో కొట్టాక అన్నీ కలిసిపోతాయి కాబట్టి పైరు నిలబడి ఉండగానే ఆడవాళ్లు చేలో తిరిగి కంకులు ఏరతారు. గట్టు పక్క మొక్క వద్దు, పురుగు తాకింది వద్దు. గింజ నిండుగా, ఒక్కతీరుగా ఉన్న కంకికి గుర్తు పెట్టుకుంటారు. కోసింది ఎండబెట్టాక పరీక్ష పంటి కింద. గింజ కొరికితే టక్కుమని విరగాలి. మెత్తగా నలిగితే మళ్లీ ఎండకే. తర్వాత పొయ్యి బూడిద జల్లించి, ఎండిన వేపాకుతో కలిపి, బుట్టలో ఒక వరస గింజ, ఒక వరస బూడిద పోస్తారు. కందులకు, పెసలకు ఎర్రమట్టి పట్టించడమూ ఉంది. చివరికి మూత పెట్టి పెండ, మట్టి కలిపి అంచులు మెత్తుతారు. కొర్రలు, సామలకు ఇంత ఆర్భాటం అక్కర్లేదు. వాటి పొట్టు గట్టిది, పురుగు నోరు ఆనదు. అసలు గండమంతా పప్పుధాన్యాలకే.

ఇందులో మంత్రం లేదు. బూడిద తేమను పీలుస్తుంది, గింజల మధ్య సందులు పూడ్చేస్తుంది. పుచ్చు పురుగుకు తిరగడానికి చోటుండదు. బూడిద రాపిడికి దాని ఒంటి మీది మైనపు పూత చెదిరి, నీరు కోల్పోయి ఎండిపోతుంది. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రమని ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెండింతలు, నిల్వచేసే చోటు వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెండింతలు. పంటి కింద టక్కుమనే చప్పుడు మొదటి సగం. మట్టి గోడ చల్లదనం రెండో సగం, అందినంత మటుకు.

ఆ రెండో సగాన్ని చివరంటా పట్టుకెళ్లినవాళ్లు జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే, హైదరాబాద్ వైపు గంటన్నర దూరంలో ఉన్నారు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ సంస్థ జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. ఎక్కువ కాలం దాచాల్సినవి మైనస్ 20 డిగ్రీల చలిలో నిద్రపోతాయి. నార్వే మంచుదీవుల్లో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ గిడ్డంగిలోనూ అదే నిద్ర, మైనస్ 18లో. నేను వీటిని తీసిపారేయను. ఎలకలు పడ్డ ఏడు, ఇల్లు కురిసిన ఏడు ఊరి బుట్టకు దిక్కెవరు? కాకపోతే చలిగదిలో గింజ దాన్ని పెట్టిన రోజు దగ్గరే ఆగిపోతుంది. బుట్టలోది ఏటా మన్నులోకి పోయి, ఆ ఏటి వాన చూసి, వానలేమి చూసి తిరిగొస్తుంది. ఇక్కడి ఎర్రనేలల్లో జొన్న వెంట కంది, సజ్జ, కొర్ర, తైద, పెసర, బొబ్బర్లు, నువ్వులు, పుంటికూర కలిపి వేస్తారు. ఒకటి పోతే ఒకటి దక్కుతుంది. అన్ని రకాలు వేయాలంటే అన్ని బుట్టలూ ఉండాలి. ఒకే పంటకు దిగినవాళ్లకు ఈ గది అవసరం పడదు, వాళ్లకు దుకాణం ప్యాకెట్టు చాలు.

వడ్డీ సంగతి చెప్పకపోతే బ్యాంకు కథ కాదు. తీసుకున్న గింజలకు కోతలయ్యాక ఒకటికి ఒకటిన్నరో రెండో కొలిచి ఇస్తారు. పాతకాలం తెలంగాణ తెలిసినవాళ్లకు ఈ లెక్క వినగానే ఒళ్లు మండుతుంది. దొరల గడీల్లో ‘నాగు’ పేరుతో గింజలిచ్చి రైతు నడ్డి విరిచిన వడ్డీ ఇదే. తూకం మారలేదు, పోగు మారింది. అప్పుడు మిగులు గడీకి పోయేది, ఇప్పుడు పక్కింటామె దోసిట్లోకి పోతుంది. ఏటా సంక్రాంతికి మొదలై నెల రోజులు సాగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేవి ఈ గింజలే. మాచ్‌నూర్ నుంచి 2008 అక్టోబర్‌లో మొదలైన సంఘం రేడియోలో మాట్లాడేదీ ఈ ఆడవాళ్లే.

ఒక గదిలో బుట్టలు లెక్కపెడుతుంటే అక్కడి అవ్వ నా పుస్తకం వంక చూసింది.

“ఎన్ని రకాలున్నయవ్వా?” అన్నాను.

“లెక్కబెట్టి ఏం జేస్తవ్ బిడ్డా, ఏసుకుంటవా?”

అపార్ట్‌మెంటులో ఉంటున్నామని, బాల్కనీలో మూడు కుండీలు తప్ప లేవని చెప్పాను. ఆమె ఒక కుండ మూత అంచును గోరుతో గీకింది. మట్టి పెళుసుగా లేచొచ్చింది. లోపల బూడిద, దాని కింద వేలు పెట్టి తిప్పితే బూడిదరంగు ముసుగులో పుంటికూర గింజలు. చాటలో పోసి రెండుసార్లు చెరిగింది. బూడిద నా చొక్కా మీద వాలింది. చిటికెడు గింజలు కాగితంలో మడిచి ఇచ్చి, “ఏస్తే మళ్ల పిడికెడు తేవాలె” అంది. తర్వాత తడి పెండమట్టి తెచ్చి మూత చుట్టూ మెత్తుకుంటూ పోయింది. అంచు పొడుగునా నాలుగు వేళ్ల గీతలు పడ్డాయి.

మృగశిర కార్తెలో వేశాను. ఆరు మొలిచాయి. పుంటికూర పప్పు అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. కాయ ఎండేదాకా రెండు మొక్కల జోలికి పోవద్దని వాటికి ఎర్ర దారం కట్టాను. నిన్న చూస్తే ఒకదాని కొస తుంచి ఉంది. ఎవరూ ఒప్పుకోవడం లేదు.