లైటా, కట్టా?

షుగర్ పుండుతో వచ్చేవాళ్లు ఈ మధ్య కూర్చోకముందే అడుగుతున్నారు, "మీ దగ్గర లైటు ఉందటగా?" అని. ఉంది. పెన్ను కంటే కాస్త లావుగా ఉండే ప్రోబ్, దాని కొసన ఎర్రటి వెలుగు. ఫిజియోథెరపిస్టుగా దాన్ని రోజూ చేత్తో పట్టుకునే మనిషిని. దాని మీద నాకు నమ్మకం ఉంది గానీ, జనం పెట్టుకున్నంత లేదు. ఎందుకో ఈ వారం చెప్పాలనిపించింది.

1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే సర్జన్ వెంట్రుకలు గొరిగిన ఎలుకల మీద రూబీ లేజర్ వేసి చూశాడు. అమెరికాలో లేజర్‌తో కణితిని కరిగించారని తెలిసి, తానూ చేసి చూద్దామనుకున్నాడు. ఆయన దగ్గరున్న లేజర్‌కు అంత శక్తి లేదు. కణితి కరగలేదు. వెలుగు పడ్డ ఎలుకలకు మాత్రం వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఆ తర్వాత ఆయన అదే వెలుగును ఎంతకీ మానని పుండ్ల మీదికి తెచ్చాడు. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ ఎర్ర వెలుగును పీల్చుకుంటుందని, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ పెరుగుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఇందులో వేడి ఉండదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి. "లైటు మంచిదట" అని ఎవరో అంటే విని ఇంట్లో కాపడం దీపం పెట్టుకుని, అరికాలు కమిలిపోయాక వచ్చినవాళ్లున్నారు. స్పర్శ పోయిన కాలికి ఎక్కడ వేడి తగిలిందో, ఎప్పుడు బొబ్బ లేచిందో తెలియదు. వేడినీళ్ల సంచీ అయినా అంతే, మధ్యాహ్నం గుడి ప్రదక్షిణలో కాలే బండలయినా అంతే.

మోతాదు లెక్క పెద్ద కష్టమేమీ కాదు. 100 మిల్లీవాట్ల ప్రోబ్‌ను ఒకచోట 40 సెకన్లు ఉంచితే అందేది 4 జౌళ్లు. పుండు మీద శుభ్రమైన పారదర్శకపు పొర పరిచి, అంచు వెంట సెంటీమీటరుకో చోట ప్రోబ్ ఆనిస్తూ వెళ్తాను. ఇద్దరం నల్లకళ్లద్దాలు పెట్టుకుంటాం. "ఇంకాసేపు ఉంచమ్మా, డబ్బులు కావాలంటే ఎక్కువ తీసుకో" అంటారు. మందులాగే ఇదీ మోతాదు దాటితే మేలు తగ్గుతుంది, ఒక్కోసారి కణాల పని మందగిస్తుంది కూడా.

టిఫిన్ సెంటర్ నడిపే ఒక పెద్దాయన వచ్చారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు. పైకి చూస్తే చిన్నదే. చుట్టూ ఆనెకాయ తెల్లగా, గట్టిగా, గాజుపెంకులా పేరుకుపోయి ఉంది. మా సర్జన్‌గారు బ్లేడుతో దాన్ని పొరలు పొరలుగా చెక్కుతుంటే కింద దాగిన పుండు బయటపడుతూ వచ్చింది. చెక్కడం ఆపేసరికి మొదట కనిపించినదానికి రెండింతలుంది. అంచున ఎర్రగా నెత్తురు చిమ్మింది. "ఇదే కావాలి" అన్నారాయన. బాబాయిగారు ఆ సేపంతా ఫోన్‌లో పాలవాడితో మాట్లాడుతున్నారు. ఆయనకు ఏమీ తెలియలేదు.

"నొప్పి లేదు కదమ్మా! తెల్లారుజామున నాలుగింటికి లేచి ఇడ్లీ పాత్ర దించాలి. నేను నిలబడకపోతే ఎట్లా?"

చిక్కంతా అక్కడే ఉంది. నేను వారానికి మూడుసార్లు కొద్ది నిమిషాలు వెలుగు పెడతాను. ఆయన రోజంతా ఆ పుండు మీదే నిలబడతారు. అడుగు వేసిన ప్రతిసారీ కొత్త కండ నలిగిపోతుంది.

ఈ సంగతి మనకు నేర్పింది వేలూరు. మన రాయలసీమ వాళ్లకు పెద్దాసుపత్రి అంటే గుర్తొచ్చే ఊరది. అక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలు చూస్తూ, వాళ్ల కండలో మానే గుణానికి లోటు లేదని, నొప్పి తెలియక అదే పుండు మీద నడుస్తుండడమే దాన్ని మాననివ్వడం లేదని గుర్తించాడు. పాదానికి అతుక్కునేలా పిండికట్టు వేసి బరువు పంచితే పుండ్లు మానాయి. 1960ల్లో అమెరికాలోని కార్విల్‌కు వెళ్లాక ఆ పద్ధతినే షుగర్ పాదాలకూ వాడాడు. అరికాలి పుండుకు ఇప్పటికీ మొదటి ఎంపిక మోకాలి దాకా వేసే, రోగి తనంతట తాను తీయలేని కట్టు లాంటిదే.

బాబాయిగారికి పాదం మీద నాడి బాగా అందుతోంది, చీము లేదు, ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది. పిండికట్టు వేయొచ్చన్నారు సర్జన్‌గారు. వేస్తే వారానికోసారే విప్పుతారు. మిగతా రోజుల్లో లైటు పెట్టడానికి చోటుండదు.

"అయితే లైటు ఆపేస్తారా?" అన్నారు బాబాయిగారు. ఆ గొంతులో దిగులు విని మనసు చివుక్కుమంది. లైటు ఆయన్ను ఏమీ అడగదు. కట్టు అడుగుతుంది. దుకాణం కొడుక్కి అప్పగించమంటుంది, మూలన కూర్చోమంటుంది.

ఆపేద్దామనే చెప్పాను. ఈ వెలుగు మీద జరిగిన పరిశోధనల్లో చాలావరకు చిన్నవి. ఒకరు వాడిన వెలుగు మరొకరు వాడలేదు, ఒకరి మోతాదు మరొకరిది కాదు. పుండు త్వరగా కుంచించుకుపోయిందన్న ఫలితాలు కొన్నిట్లో వచ్చాయి, నా కళ్లముందూ అలా జరిగింది. అయినా షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో పుండు మానడానికి ఇలాంటి భౌతిక చికిత్సలు వాడొద్దనే చెప్పింది. పిండికట్టుకు ఉన్న ఆధారాలు ఈ వెలుగుకు లేవు. రెండింట్లో ఒకటే కుదిరే కాలికి నేను కట్టునే అడుగుతాను.

నాడి అందనివాళ్లకు, పుండులో చీము పట్టినవాళ్లకు ఆ కట్టు కుదరదు. వాళ్లకు ముందు రక్తనాళాల డాక్టరు, యాంటీబయాటిక్ కావాలి. ఆ తర్వాత కూడా కట్టు వేయలేని కాళ్లకు మెత్తటి చెప్పుతోపాటు వెలుగూ పెడుతున్నాను. దానివల్ల ఇంకో మేలుంది. వారానికి మూడుసార్లు ఎవరో ఒకరు డ్రెస్సింగ్ విప్పి పాదం చూస్తారు. కొత్త ఎరుపైనా, వాసనైనా ఆరోజే పట్టుబడుతుంది.

ఈ వైద్యాన్ని పది సిట్టింగుల ప్యాకేజీగా అమ్మేచోట డబ్బు కట్టేముందు, పాదంలో నాడి చూశారా, ఎముక దాకా పోయిందేమో చూశారా, పుండు మీద బరువు పడకుండా ఏం చేస్తారు అని అడగండి. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే ఏం మారుస్తారో కూడా అడగండి. జవాబు లేకపోతే ఆ డబ్బు పెట్టి కొలత తీసి కుట్టించిన మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు కొనుక్కోండి. మానిన పుండ్లలో ఏడాది తిరక్కుండానే నూటికి నలభై మళ్లీ లేస్తాయి. ఆ చెప్పుల అవసరం ఎటూ తప్పదు.