గెలిచిన రాత్రి కూడా టీ మనమే

ఆటలూ యుద్ధాలూ పెద్ద విషయాలు, ఆడవాళ్ల గదుల్లోని అనుభూతులు చిన్నవి. విమర్శకులు పుస్తకాల్ని ఈ తూకంతోనే కొలుస్తారని వర్జీనియా ఉల్ఫ్ 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’లో ఎత్తిచూపింది. కామారెడ్డిలో క్రికెట్ ఫైనల్ రాత్రుల్లో ఆ మాటే తలుచుకుని, టపాసుల మోతని తిట్టుకుంటూ తలుపు మూసుకుని రాసుకునేదాన్ని.

2025 నవంబర్ 2న ఆ కోపం పనిచెయ్యలేదు. దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు గెలిచింది ఆడపిల్లలు. ఎల్లారెడ్డి బీడీ కార్మికురాలి మీద రాస్తున్న కథ వదిలేసి నేనూ టీవీ ముందు కూర్చున్నాను. దీప్తిశర్మ అయిదో వికెట్ తీసింది. వెనకనుంచి “కాస్త టీ పెట్టవా?” అని వినిపించింది.

ఇన్నాళ్లూ నా రాతని చెదరగొట్టింది వీధిలో మోత కాదు, ఇంట్లో పిలుపు. ఉల్ఫ్ అడిగిన తాళమున్న గదిలోకీ అది వస్తుంది. గెలిచింది స్త్రీలైనా ఆగలేదు.

నా మొదటి ప్రతిలో ఆ కార్మికురాలు నిశ్శబ్దంలో కూర్చుని బీడీలు చుడుతుంది. ఆ నిశ్శబ్దం నా కోరిక, ఆమె బతుకు కాదు. ఆ పేజీలు కొట్టేశాను. ఇప్పుడామె ఒళ్లో చాట, చేతిలో తునికాకు, పక్కింటి టీవీలో మ్యాచ్. చేతులు మాత్రం ఆగవు.