రెండు సరుకుల ఈగ

లండన్‌కు వాయవ్యంగా ఉండే ట్రింగ్ పట్టణంలో నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి పక్షుల భాండాగారం ఉంది. 2009 జూన్‌లో అక్కడ దొంగ పడ్డాడు. పోయినవి 299 పక్షుల చర్మాలు. ఎత్తుకెళ్లింది ఓ సంగీత విద్యార్థి. విక్టోరియా కాలంలో సాల్మన్ చేపల కోసం కట్టిన రంగురంగుల ఈగలను పాత పద్ధతిలోనే కట్టాలని తపించేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆ చర్మాల మీది ఈకలు బంగారంతో సమానం.

గాలానికి వానపామో పిండిముద్దో గుచ్చడం మనకు తెలిసిన పని. ఫ్లై ఫిషింగ్‌లో తినే ఎర ఉండదు. హుక్ చుట్టూ దారం, ఈకలు, ఉన్ని చుట్టి పురుగులాంటి బొమ్మ కడతారు, ఆ బొమ్మ పేరే ఈగ. చేప దాన్నే పురుగనుకుని నోట కరుస్తుంది. ఈ విద్య పాతదే. మాసిడోనియా జాలరులు హుక్‌కు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని దాదాపు క్రీ.శ. 200 నాటికే రోమన్ రచయిత ఏలియన్ రాశాడు. మొత్తం సరుకులు రెండే.

పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి బ్రిటన్‌లో ఈ పని కాస్తా ఆభరణాల తయారీగా మారింది. జాక్ స్కాట్ అనే సాల్మన్ ఈగ కట్టాలంటే టూకాన్, మకా, బట్టమేక, గినీకోడి ఇలా డజనుకు పైగా పక్షుల ఈకలు కావాలి. వింతేమిటంటే, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కే సాల్మన్ దాదాపు ఏమీ తినదు. ఆ రంగులన్నీ చేప కన్నా మనిషినే ఎక్కువ మురిపించాయని నా అనుమానం. కొత్తగా నేర్చుకునేవాళ్లను మొదట ఊరించేవి కూడా ఆ బొమ్మలే. వాటితో మొదలుపెట్టినవాళ్లు చాలామంది మధ్యలోనే, హుక్‌ను బిగించి పట్టే వైస్‌ను అటకెక్కిస్తారు.

మొదలుపెట్టాల్సింది తేలిక ఈగతో. అలాగని తేలిక ఈగ అంటే పిల్లల ఆట అనుకోకండి. ఫ్రాంక్ సాయర్ ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, ఏవన్ నది మీద కాపలాదారు. నీళ్లలో ఈదే పురుగు పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, ఫెజెంట్ టెయిల్ నింఫ్ అనే ఈగ తయారుచేశాడు. 1958లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని వివరించాడు. దానికి కావలసింది సన్నటి రాగి తీగ, ఫెజెంట్ పుంజు తోక ఈక. అంతే. దారం కూడా అక్కర్లేదు, తీగే దారం.

కట్టే తీరు చూడండి. ముందు హుక్ కాడకు తీగ చుడతారు. పురుగు ఛాతీ ఉండే చోట నాలుగు చుట్లు ఎక్కువ వేసి కాస్త ఉబ్బుగా చేస్తారు. తీగను వంపు దగ్గర వేలాడనిచ్చి, తోక ఈక నుంచి నాలుగు పోగులు తీసి, కొసలు కొద్దిగా బయటికి వచ్చేలా అక్కడ బిగిస్తారు. అవే పురుగుకు తోక. మిగిలిన పోగులనూ తీగనూ కలిపి పురి పెట్టి, హుక్ కన్ను దాకా చుట్టుకుంటూ వస్తారు. అక్కడ రెంటినీ విడదీసి, ఛాతీ మీదుగా పోగులను వెనక్కి మడిచి తీగతో కట్టి, మళ్లీ ముందుకు తెచ్చి కడతారు. రెక్కల మూట తయారు. కాళ్లు పెట్టరు. ఈదేటప్పుడు ఆ పురుగు కాళ్లు ఒంటికి ముడుచుకుంటుందని సాయర్ గమనించాడు మరి. తీగ బరువుకు ఈగ నీట మునుగుతుంది, తడిస్తే రాగి లోపలి నుంచి మెరుస్తుంది. ఒక్క సరుకు మూడు పనులు చేసిపెడుతోంది. ఇంతకన్నా తెలివైన నమూనా నాకు కనపడలేదు.

అయినా మొట్టమొదట కట్టడానికి నేను చెప్పేది ఊలీ బగ్గర్. పెన్సిల్వేనియాకు చెందిన రసెల్ బ్లెస్సింగ్ 1967లో కట్టాడు. తోకకు మెత్తటి మారబూ ఈక, ఒంటికి షెనీల్ దారం, దాని మీద వెనక నుంచి ముందుకు చుట్టిన కోడి ఈక. మారబూ ఒకప్పుడు కొంగజాతి పక్షిది, ఇప్పుడు టర్కీ కోడిది. ఈ ఈగను పెద్ద హుక్ మీద కట్టొచ్చు. ఎనిమిదో పదో నంబరు చాలు. హుక్‌లలో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని మరిచిపోయి, కొత్తవాళ్లు ఇరవయ్యో నంబరు కొని కళ్లు చికిలించుకుంటారు. షెనీల్ లావుగా ఉంటుంది కాబట్టి కింది తప్పులన్నీ దాని చాటున దాగిపోతాయి. నీళ్లలో తోక ఆడుతుంటే పై వంకరలు చేపకు పట్టవు.

పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ అనే యార్క్‌షైర్ ఈగ చూడటానికి మరీ తేలిక: నారింజ పట్టుదారం, కౌజు ఈక ఒకటి, రెండు చుట్లు. కానీ ఈక సుకుమారం, లాగితే పుటుక్కున తెగుతుంది. సరుకులు తక్కువైనంత మాత్రాన పని తేలికవదు. చేతికి బిగువు తెలిశాక దాని జోలికి వెళ్లండి.

నమూనా ఏదైనా కొత్త చేతులు చేసే తప్పు ఒకటే. ముందుకు ముందుకు చుట్టేసి హుక్ కన్ను మూసేస్తారు. తీరా ఏటి ఒడ్డున గాలపు తాడు దూరదు. ముడికి చోటు ముందే వదిలిపెట్టడం అలవాటవాలంటే ఒకే ఈగను ఒకే సైజులో డజను కట్టాలి. రోజుకో కొత్త నమూనా కడితే ఏ తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

ఇక ఈకల సంగతి. మన గోదావరి జిల్లాల్లో పందెం పుంజులను డేగ, కాకి, సేతువ, నెమలి అని రంగును బట్టి పిలిచినట్టే, ఈగలు కట్టేవాళ్లూ పుంజు ఈకలను గ్రిజ్లీ, బాడ్జర్, ఫర్నెస్ అంటూ విడదీస్తారు. ఊలీ బగ్గర్‌కు నాటుకోడి పుంజు ఈకలు సరిపోతాయి. సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టుకుంటే చాలు.

పాత సాల్మన్ ఈగల బుగ్గల మీద మెరిసే చుక్కల ఈక మాత్రం మన దక్షిణాది అడవికోడి మెడది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ పక్షికి రక్షణ కల్పిస్తోంది. ఎవరైనా ఆ ఈకలు తెచ్చి అమ్మజూపితే కొనకండి.