శస్త్రమా, పథ్యమా

డైవర్టిక్యులైటిస్ అను వ్యాధి నాకు సోకినదని మా తెనాలి వీధిలో చెప్పినప్పుడు ఇరుగుపొరుగువారు "గ్యాసు కాబోలు, కాస్త వాము నమలండి" అని యూరడించిరి. పెద్దపేగు కండరములోనికి రక్తనాళములు చొచ్చుకొనిపోవు తావులు సహజముగనే బలహీనములు; వయస్సు పైబడిన కొలది లోపలి యొత్తిడికి పేగు లోపొర ఆ తావుల నుండి చిన్న చిన్న తిత్తులై వెలుపలికి ఉబ్బును. చాలమందికి అవి జీవితాంతము ఏ బాధయు కలిగింపవు. ఏదో యొకటి వాచినప్పుడే పొత్తికడుపున, తరచుగ ఎడమవైపున, పోటును, దాని వెంట జ్వరమును పుట్టును. ఆ జబ్బు మరల మరల తిరుగబెట్టువానిని వేధించు ప్రశ్న యొక్కటే: పేగును కోయించుకొనవలయునా, వలదా?

తెనాలి స్టేషనులో రైలుమార్గము బాపట్లకొకటి, రేపల్లెకొకటిగా చీలినట్లే మా బంధువుల యభిప్రాయములును చీలినవి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో కొలువు చేసి యక్కడనే స్థిరపడిన మా పెదనాన్నగారి అబ్బాయి "తీయించెయ్యరా తమ్ముడూ, ఒక్కసారితో పీడ విరగడవుతుంది" అనెను. రేపల్లెలోని మేనత్తగారు "కత్తి పడ్డ కడుపు మునుపటి కడుపు కాదురా నాయనా, జావ తాగి ఓర్చుకో" అని వారించిరి.

రెండు విడతలు జబ్బు చేసినచో పేగు కోయవలెననునది శస్త్రవైద్యుల పూర్వనియమము. మరల వచ్చినప్పుడు పేగు చిల్లుపడునేమో, అప్పుడు 1921లో ప్యారిస్ వైద్యుడు హార్ట్‌మన్ క్యాన్సరు కొరకు ప్రకటించిన పద్ధతిని అనుసరించి మలమును పొట్టమీది సంచిలోనికి మళ్లింపవలసివచ్చునేమో యను భయమే దానికి మూలము. కాని పిదపటి పరిశీలనలలో, పేగు చిల్లుపడుట అధికముగ మొదటి విడతయందే సంభవించుననియు, దానిని దాటినవారికి ఆ ప్రమాదము తగ్గుననియు తేలెను. 2006 నాటికే అమెరికాలోని పెద్దపేగు శస్త్రవైద్యుల సంఘము విడతల లెక్క యొక్కటియే నిర్ణాయకము కాదని చెప్పెను.

కనుక సంచికి జడిసి కత్తికి లొంగుట నా దృష్టిలో బలమైన హేతువు కాదు. విడతకును విడతకును నడుమ మన బ్రదుకెట్లున్నదను ప్రశ్నయే అసలైనది. పెండ్లి పిలుపు వచ్చినను జంకుచు, ప్రయాణమన్నను జంకుచు, నొప్పి పూర్తిగ వదలక కాలము గడుపువారికి శస్త్రచికిత్స మేలు చేయునని 2017లో డచ్చి వైద్యులు ప్రచురించిన పరిశోధన చెప్పుచున్నది. వారిలో కొందరికి పేగు కలిపిన కుట్టు కారినదనియు నదియే చెప్పుచున్నది. ఇక పీడ విరగడయగునన్న మాట సంగతి: 2021 జూలై 4న రోములోని జెమెల్లి ఆసుపత్రిలో పోప్ ఫ్రాన్సిస్‌కు ఈ తిత్తుల వలన ఇరుకైన పెద్దపేగు ఎడమభాగమును తీసివేయగా, 2023 జనవరిలో అవి తిరిగివచ్చినవని ఆయనయే వెల్లడించెను.

మేనత్తగారి జావ నొప్పి యున్న దినములకు తగినదే; తగ్గిన పిమ్మట క్రమముగ పీచు పెంచవలెను. బాపట్లలోనే రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరిని తవుడంతయు పోవువరకు పాలిష్ పట్టించి తినుట మనకు ఘనతగ తోచుచున్నది (దోషము వడ్లది కాదు, మన కంటిది). గింజలు తిత్తులలో చిక్కుకొనునని బెదరించువారు కలరు. 47,000 మందికి పైగా పురుషులను 18 సంవత్సరములు గమనించి 2008లో అమెరికావారు ప్రకటించిన ఫలితమున గింజపప్పులు, మొక్కజొన్నలు తిన్నవారికి ఈ జబ్బు హెచ్చలేదు. మా యింట గుత్తివంకాయ నిర్భయముగ వండుచున్నారు.

ప్రస్తుతము నేను కోయించుకొనను. పేగు ఇరుకైనను, మూత్రాశయమునకు దారి పడి మూత్రమున గాలిబుడగలు వచ్చినను, చీముగడ్డ కట్టినను, విడతల నడుమ సుఖము కరవైనను కోతకు వెనుదీయను. మీకును ఈ జబ్బున్నచో నొప్పి లేనినాడే శస్త్రవైద్యునితో తీరికగ మాటాడుడు. తగ్గిన ఆరేడు వారములకు కొలొనోస్కోపీ చేయించి, క్యాన్సరు కాదని తేల్చుకొనుడు. పొట్ట బిగిసి చెక్కబారి, జ్వరముతో వణకు పుట్టినచో మాత్రము తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే సీటీ స్కానును శస్త్రవైద్యుడును ఉన్న ఆసుపత్రికి చేరుడు.